ఈ రోజు కత్తెర పని మాత్రమే

ఆ సెలూన్ తలుపుకి అట్టముక్క వేలాడుతోందంటే లోపలికి తొంగిచూడనక్కర్లేదు. "ఈ రోజు కత్తెర పని మాత్రమే" అని దాని మీద వంకర టింకర అక్షరాల్లో ఉంటుంది. వీధి దాన్ని చదువుకునే పద్ధతి వేరు: చిటపటయ్యకు కోపమొచ్చింది, గడ్డాలున్నవాళ్ళు రేపు రండి.

చిటపటయ్య అనేది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. ఆయన ముందు మాత్రం ఎవరూ ఆ పేరెత్తరు. వారానికి రెండుసార్లు గొంతు అప్పజెప్పే మనిషితో వేళాకోళమాడేంత తెలివితక్కువవాళ్ళు ఆ వీధిలో లేరు.

ముక్కు మీద కోపమంటారే, ఈయనకి ముక్కు దాకా కూడా రానక్కర్లేదు, దారిలోనే అంటుకుంటుంది. ఉతికి మడతపెట్టిన తువ్వాళ్ళ మీద పిల్లి పడుకుంటే కోపం. సగం గడ్డం అయ్యాక కరెంటు పోతే కోపం. కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలో చూసుకుంటూ "పక్క వీధిలో ఇంకాస్త పొట్టిగా కొడతారండీ" అన్నాడా, ఇక అగ్గి మీద గుగ్గిలమే. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళలో ఆయన చేతి కింద ఒక్క గొంతుకీ గాటు పడలేదు.

ఆ గొప్ప తండ్రిది. ఆయనదీ ఇదే పని, ఇదే కుర్చీ, కాస్త అటూ ఇటూగా ఇదే కోపం. కొడుకు చేతికి మొదటిసారి కత్తి ఇచ్చిన రోజు ఆయన చిన్న ప్రార్థన చేసి, ఆమేన్ అన్నాక ఒక మాట చెప్పాడు. "కోపం రావడం తప్పు కాదురా. కోపమొచ్చిన చేత్తో ఎవడి గొంతు దగ్గరికీ పోకు. కత్తి పక్కన పెట్టి కత్తెర పట్టుకో. జుట్టు తప్పు తెగితే నెలకి పెరుగుతుంది." అట్టముక్క ఆ రోజుదే. అక్షరాలు తండ్రివి.

ఇన్నేళ్ళలో అది పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగేది. మహా అయితే మర్నాటి దాకా. కోపం విషయంలో తనంత నిగ్రహం గలవాడు తమ చర్చి సంఘంలో లేడని చిటపటయ్యకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. అలాంటిది ఈసారి అట్ట ఎక్కి పది రోజులైంది. వీధిలో సగం మంది ఋషుల్లా తయారయ్యారు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు అద్దం ముందు సొంత ప్రయోగం చేసుకుని, చెంప మీద ప్లాస్టరుతో ఉద్యోగానికి వెళ్ళాడు.

కారణం బావ. బావంటే అక్క మొగుడు, వీధి చివర దర్జీ. మంచివాడు, అందులో అనుమానం లేదు. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి తెలిసి తెలిసీ చిటపటయ్య ఒక రోజు ఆయన దగ్గర మనసు విప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా? కానీ కొన్ని సంగతులు లోపల పెట్టుకుని ఎంతకాలమని తిరుగుతాడు మనిషి.

సంగతి ఆయన కూతురిది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, చర్చిలో పాటల బృందంలో ఉంది. ఇంట్లో చదువుకుంటున్నా, బట్టలు ఆరేస్తున్నా ఏదో ఒక పాట గొణుగుతూనే ఉంటుంది. మెట్ల మీద తండ్రి చెప్పుల చప్పుడు వినబడగానే, కుళాయి కట్టేసినట్టు, ఆపేస్తుంది. నాన్న ఏ మొహంతో వస్తున్నాడో ఎవరికి తెలుసు? కూరలో ఉప్పు తక్కువైందని అరిచిన రోజులున్నాయి, తలుపు గొళ్ళెం గట్టిగా పడిందని కంచం విసిరిన రోజొకటి ఉంది.

"నేను మెట్ల కిందే చెప్పులు విప్పేస్తున్నా బావా," అన్నాడు చిటపటయ్య ఆ రోజు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "చెప్పులు చేత్తో పట్టుకుని, నా ఇంటి గుమ్మంలో నేనే దొంగలా నిలబడి వింటున్నా. లోపలికెళ్తే ఆగిపోద్దని."

బావ భుజం తట్టాడు. ఎవరికీ చెప్పనన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. మనుషులకెవరికీ చెప్పలేదు, దేవుడికి చెప్పాడు. బుధవారం ప్రార్థన కూటంలో, నలభై మంది మధ్యన, పైకి చెప్పాడు.

"ప్రభువా, మా మధ్య ఒక సహోదరుడున్నాడు. పేరు చెప్పను, నీకు తెలుసు." ఇక్కడితో ఆపితే గొడవే ఉండేది కాదు. "రోజంతా కత్తి చేతబట్టి బతికే సహోదరుడు ప్రభువా." ఆ నలభై మందిలో కత్తి చేతబట్టేవాడు ఒక్కడే, మాంసం కొట్టాయన వేరే సంఘం. "ఆ సహోదరుడి అడుగుల చప్పుడుకి కన్నకూతురు పాట ఆపేస్తోంది తండ్రీ. ఆయన చెప్పులు చేతబట్టుకుని గుమ్మంలో నిలబడుతున్నాడు. ఆ కోపాన్ని తీసెయ్యి ప్రభువా."

మూసుకున్న కళ్ళల్లో సగం తెరుచుకుని చిటపటయ్య వైపు తిరిగాయి. మూడో వరసలో కూతురు తల ఇంకా కిందికి వంచుకుంది. చిటపటయ్యకు చెవులు కాలిపోయాయి. ఆమేన్ అనేదాకా ఎలాగో ఆగి, బయటికి రాగానే ఒంటికాలి మీద లేచాడు.

"పేరు చెప్పలేదు కదయ్యా!" అన్నాడు బావ, నిజంగా ఆశ్చర్యపోతూ.

అంతే. ఆ రోజు ఇద్దరికీ మాటలు తెగాయి. మర్నాడు అట్ట ఎక్కింది. ఆదివారం చిటపటయ్య చివరి వరసలో కూర్చుని, ఆఖరి పాట అందుకోకముందే జారుకున్నాడు. అక్క రెండుసార్లు కబురు పెట్టింది. "మీ ఆయన్నే రమ్మను" అని తిప్పి పంపాడు. ఇంట్లో కూతురు ఎప్పటిలా మంచినీళ్ళిచ్చింది, అన్నం వడ్డించింది, ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు, అసలు మాట అది. చెల్లని మొహాన్నంతా బావ మీద కోపంగా మార్చి తలుపుకి వేలాడదీశాడు.

శనివారం పొద్దున పదింటికి, చేతికర్ర టకటకలాడించుకుంటూ పెద్దయ్యగారు వచ్చి సరాసరి కుర్చీలో కూర్చున్నారు.

పెద్దయ్యగారు సంఘానికి నలభై ఏళ్ళు కాపరిగా ఉండి తప్పుకున్నాయన. చర్చి వెనక గదిలో ఉంటారు. చేతులు వణుకుతాయి, అందుకని ఆయన గడ్డం పని చిటపటయ్యది. పోయిన శనివారం అట్ట పుణ్యమా అని అది జరగలేదు. తెల్లటి గడ్డం మొహమంతా పరుచుకుంది. రేపటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఆయనే ఇవ్వాలి. ఇదే ఆఖరిసారి, ఇకపైన ఆ గిన్నె మోసే ఓపిక తన చేతులకి లేదని సంఘానికి ముందే చెప్పేశారు. బల్ల ముందు ఒక్కసారైనా గడ్డంతో నిలబడి ఎరగరాయన.

"అయ్యగారూ, తలుపు మీద అట్ట..." నసిగాడు చిటపటయ్య.

"చదివాను నాయనా. నాకు చేతులు పోయాయి గాని, కళ్ళు బాగానే ఉన్నాయి."

"నా చెయ్యి బాలేదండీ. పక్క వీధి ఆయన్ని పిలిపిస్తాను."

"వద్దులే. నా మొహంలో ఎత్తుపల్లాలు నీకు తెలిసినట్టు ఆయనకేం తెలుస్తాయి." పెద్దయ్యగారు కుర్చీ అటూ ఇటూ తిప్పుకున్నారు, ఆయనకది సరదా. "తప్పెవరిది?"

"బావదేనండీ!" చిటపటయ్య గొంతు లేచింది. "నమ్మి చెప్పుకుంటే పదిమందిలో పెట్టాడు. మీరే చెప్పండి, తప్పు ఎవరిది?"

"అతనిదే."

చిటపటయ్య వాదించడానికి సిద్ధపడి ఉన్నాడు. వాదించడానికేమీ లేకపోయేసరికి చేతికందిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"అతనిదే తప్పు," అన్నారు పెద్దయ్యగారు మళ్ళీ. "నీ కోపం ఊరందరికీ చాటాడు. అట్ట కట్టి నువ్వు చేస్తున్నదీ అదే అనుకో, అది వేరే సంగతి."

"నాన్న చెప్పిన మాటండీ అది. కత్తి పక్కన పెట్టమన్నాడు."

"మంచి మాట. మీ నాన్న అట్ట కట్టాక ఏం చేసేవాడో గుర్తుందా?"

గుర్తుంది. చిటపటయ్య తలెత్తి తలుపు వైపు చూశాడు. తండ్రి అట్ట కట్టి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళేవాడు. తిరిగొచ్చి విప్పేవాడు. ఎక్కడికెళ్ళేవాడో చిన్నప్పుడు తెలిసేది కాదు. కాఫీకేమో అనుకునేవాడు.

"మా గుమ్మంలోకే రెండు మూడుసార్లు వచ్చాడు," అన్నారు పెద్దయ్యగారు. "ఒకసారైతే తప్పు పూర్తిగా నాది. కానుకని బల్ల దగ్గరే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు కదా ప్రభువు. అవతలివాడు వచ్చేదాకా కూర్చుని ఉండమనలేదు." కర్ర ఆనించి లేచారు. "నాలుగింటికి వస్తాను."

"అప్పటికీ తగ్గకపోతే అయ్యగారూ?"

"గడ్డంతోనే నిలబడతాను. ఎందుకని జనం అడిగితే చెప్తాను. పేరు మాత్రం చెప్పనులే."

చిటపటయ్య చాలాసేపు కత్తెర ఆడించాడు, ఎదుట తల లేకుండానే. పన్నెండింటికి చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. దర్జీ కొట్టు నూటయాభై అడుగుల దూరం. ఆ నూటయాభై అడుగుల్లో బావని మూడు రకాలుగా కడిగేశాడు, రెండు రకాలుగా క్షమించాడు. మూడో రకం క్షమాపణ సగంలో ఉండగా కొట్టు వచ్చేసింది.

బావ కుట్టుమిషను పక్కన నిలబడి ఒక కోటుకి అంచు మడుస్తున్నాడు. మెళ్ళో టేపు, నోట్లో వరసగా ఏడెనిమిది గుండుసూదులు. గుమ్మంలో బావమరిదిని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. సూదులు తీయబోయాడు.

"తీయకు!" అన్నాడు చిటపటయ్య. "అవి అక్కడే ఉండనీ. ఇన్నేళ్ళకి నీ నోరు మూసుకున్న ఘడియ దొరికింది నాకు. ముందు నేను చెప్పేది విను."

అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఏవో వేరే మాటలు వచ్చాయి.

"నాకు చాలా కోపమొచ్చింది బావా. నాకు కోపమని అందరికీ తెలుసు, అది కాదు నా బాధ. నేను గుమ్మంలో నిలబడే సంగతి నా కూతురికి తెలియకూడదనుకున్నా. అది విన్నది. అందరి మధ్యా విన్నది. పది రోజులనించీ దాని మొహం చూడలేకపోతున్నా. నీ మీద కోపమైతే మోయడం తేలిక, అందుకని అదే మోశా. ఇక మోయలేను. నిన్ను క్షమించానని చెప్పడానికొచ్చా. నాకింకా మండుతూనే ఉంది, అయినా చెప్తున్నా."

బావ ఒక్కొక్క సూదీ తీసి దిండుకి గుచ్చాడు. ఎనిమిదీ గుచ్చేసరికి కళ్ళు నిండిపోయాయి.

"నాదే బుద్ధి తక్కువ పని. ప్రార్థనలో అంటే తప్పు కాదనుకున్నా. మీ అక్క ఆ రోజునుంచీ నన్ను తిడుతూనే ఉంది. నీ కొట్టుకి నాలుగుసార్లొచ్చా బావమరిదీ. అట్ట చూసి నాలుగుసార్లూ వెనక్కెళ్ళిపోయా."

అప్పుడు గమనించాడు చిటపటయ్య. బావ మొహం నిండా పది రోజుల గడ్డం, నలుపూ తెలుపూ కలిసి, చీపురుకట్టలా.

"పక్క వీధిలో గీయించుకోకపోయావా?"

"ఈ మెడ ఒకడికే ఇచ్చాను." బావ ముక్కు చీదుకున్నాడు. "ఇంకోటి చెప్పాలి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను, ఒట్టు. కూటం మర్నాడు మీ పాప నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నా. 'మామయ్యా, నేను పాట ఆపేస్తానని నాన్నకి నిజంగా తెలుసా? ఆయన కనిపెట్టాడా?' అనడిగింది. తెలుసమ్మా అన్నా. ఏడ్చి వెళ్ళింది."

 చిటపటయ్య బావ రెక్క పట్టుకుని బయటికి లాగాడు. "పద."

వీధంతా చూస్తుండగా ఇద్దరూ సెలూన్‌లోకి వెళ్ళారు. చిటపటయ్య అట్ట విప్పి మూలన పెట్టాడు. బావ మెడకి గుడ్డ కట్టాడు, బ్రష్షుతో నురగ పట్టించాడు, తోలుపట్టీ మీద కత్తి నాలుగుసార్లు లాగాడు. చెయ్యి ముందుకి చాపి చూసుకున్నాడు. నిలకడగానే ఉంది. బావ మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"బావమరిదీ, మొదలెట్టేముందు చిన్న ప్రార్థన చేసుకోనా?"

"మనసులో చేసుకో!"

కిటికీ దగ్గర గుమిగూడిన గడ్డాలన్నీ ఒక్కసారి నవ్వాయి. నురగలోంచి బావ కూడా నవ్వబోతే "కదలకు" అని గద్దించాడు చిటపటయ్య. గాటు పడలేదు. ఆ తర్వాత వరస కట్టినవాళ్ళని చూసుకునేసరికి నాలుగైంది. పెద్దయ్యగారు వచ్చి, తలుపు మీద మేకు ఖాళీగా ఉండటం చూసి, కుర్చీలో వెనక్కి వాలారు. గడ్డం పూర్తయ్యాక చెంపలు నిమురుకుని "బాగుంది" అన్నారు. చిటపటయ్య వంగి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. అవి వణుకుతూనే ఉన్నాయి.

"ఇంకో గుమ్మం మిగిలింది అయ్యగారూ," అన్నాడు.

"తెలుసు," అన్నారాయన.

సాయంత్రం కొట్టు కట్టేసి, అట్ట చంకలో పెట్టుకుని ఇంటికి బయలుదేరాడు. ఇక దీనితో పని లేదు, పాత కాగితాల్లో పడేద్దామనుకున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల్నించి పాట వినబడుతోంది. చెయ్యి అలవాటుగా చెప్పుల మీదికి పోయింది. ఆగాడు. చెప్పులతోనే, చప్పుడు చేసుకుంటూనే మెట్లెక్కాడు. మూడో మెట్టుకి పాట ఆగిపోయింది. అయినా లోపలికి వెళ్ళాడు.

కూతురు బట్టలు మడతపెడుతోంది. భార్య వంటగది గుమ్మంలోంచి చూస్తోంది.

"అమ్మా," అన్నాడు. "మామయ్య చెప్పింది నిజమే. నా చప్పుడు వింటే నువ్వు ఆపేస్తావని నాకు తెలుసు. తప్పు నీది కాదు. నాది. నన్ను క్షమించమ్మా."

ఆ పిల్ల చేతిలో చొక్కా అలాగే పట్టుకుని తండ్రిని చూసింది. తర్వాత ఆయన చంకలో అట్టని చూసింది.

"అది పారేస్తున్నావా నాన్నా?"

"కోపం పోయిందిగా."

"పారెయ్యకు. ఇంట్లో పెట్టు."

చిటపటయ్యకు అర్థం కాలేదు.

"కొట్టుకొచ్చేవాళ్ళకి నీ కోపం ముందే తెలుస్తుంది నాన్నా," అంది మెల్లగా. "వాళ్ళ దగ్గర కత్తి పక్కన పెడతావు. మాకెప్పుడూ అట్ట కట్టలేదు నువ్వు. అందుకే రోజూ ఆపేసేదాన్ని."

ముప్పై ఏళ్ళుగా ఒక్క గొంతుకీ గాటు పెట్టలేదని మురిసిపోయిన మనిషి కుర్చీలో కూలబడ్డాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది. తర్వాత లేచి, పెరట్లోంచి సుత్తి తెచ్చి, వీధి తలుపు పక్కన మేకు కొట్టాడు. దాని కింద అట్టని గోడకి ఆనించి పెట్టాడు.

"కత్తెర పని మాత్రమేనా మన ఇంట్లో?" అంది భార్య. కూతురు ముందుగా నవ్వింది.

మర్నాడు పెద్దయ్యగారు నున్నటి చెంపలతో ప్రభువు బల్ల ముందు నిలబడ్డారు. చిటపటయ్యా బావా ఒకే వరసలో వెళ్ళి మోకరించారు. కథ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కోపం ఒక్క ఆదివారంతో ఇల్లు ఖాళీ చేసి పోయే అద్దెదారు కాదు. గురువారానికల్లా మళ్ళీ వచ్చింది.

పక్కింటాయన తన సైకిలు చిటపటయ్య కొత్తగా సున్నం వేయించిన గోడకి ఆనించాడు. చెప్తే "గోడలున్నది దేనికండీ" అన్నాడు. చిటపటయ్యకు నరాలు పొంగాయి. మెట్లు దబదబా ఎక్కాడు. లోపల కూతురి పాట తడబడింది.

గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి చెయ్యి చాపి, గోడకి ఆనించిన అట్ట తీసి మేకుకి తగిలించాడు. మేకుకి అట్ట తగిలిన చప్పుడు లోపలికి వినబడే ఉంటుంది. తర్వాత వెనక్కి తిరిగి పైమెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు పైకే, "ఇక్కడొక సహోదరుడున్నాడు. పేరు చెప్పను. కాసేపు పట్టుకో వాణ్ణి. తర్వాత పక్కింటికెళ్ళాలి."

లోపల పాట మళ్ళీ మొదలైంది. ఆయన లేవకుండా, చెప్పులు కాళ్ళకే ఉంచుకుని, పూర్తిగా విన్నాడు.